అదనపు వసతులేవీ అక్కర్లేదు

మార్చి నెల మొదలవుతుండగానే నాకు ఫోన్లు వస్తాయి. కాలేజీల నుంచి, ఆఫీసుల నుంచి, ఏదో ఒక సంఘం నుంచి. మహిళా దినోత్సవానికి వచ్చి నాలుగు మాటలు చెప్పమంటారు. కరెంటు శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి, సూపరింటెండింగ్ ఇంజనీరుగా, అంటే ఎస్.ఈ.గా, రిటైరైన ఆడమనిషిని గదా, వేదిక మీద కుర్చీకి పనికొస్తాను. ఈ మధ్య పోవడం మానేశాను. పోయిన ఏడాది తిరుపతి నుంచి కొందరు ఇంజనీరింగ్ అమ్మాయిలు ఇంటికే వచ్చి, ఎందుకు రారు మేడం అని అడిగారు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించాను. అది అబద్ధం. అసలు సంగతి వాళ్ళకూ, వాళ్ళలాంటి మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది చిత్తూరు. మా నాయనకు బజారు వెనక సందులో మోటార్లకు కాయిల్ చుట్టే చిన్న అంగడి ఉండేది. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, రాగితీగ తెచ్చే వాళ్ళతో అరవం. బడి నుంచి వచ్చి నేను ఆయన పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేదాన్ని. ఆడపిల్లను అంగట్లో కూర్చోబెడతావా అని చుట్టాలు అడిగితే, దాని చేతులు మంచివి అని ఒక్క మాట అని మళ్ళీ పనిలో పడేవాడు. నేను కరెంటు ఇంజనీరును కావడానికి అంతకు మించి కారణం ఏమీ లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో లైన్లు చూడడానికి జీపులో పోతే, ఊళ్ళో జనం నేరుగా డ్రైవరుకు దండం పెట్టేవాళ్ళు. ఆయన పాపం సిగ్గుపడి నా వైపు చెయ్యి చూపించేవాడు. వాళ్ళు నన్ను చూసి, సారు భార్య కూడా వచ్చిందని కుర్చీ తెచ్చేవాళ్ళు. ఇలాంటివి నవ్వుకోవడానికి బాగుంటాయి. సభల్లో చెబితే జనం కూడా నవ్వుతారు. నవ్వుకోలేనివి నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఉదాహరణకు, పొద్దున ఆరు గంటలకు ఒక టీ తాగితే మళ్ళీ ఇంటికి చేరేదాకా నేను నీళ్ళు ముట్టేదాన్ని కాదు. ఏ సబ్‌స్టేషన్లోనూ, ఏ సెక్షన్ ఆఫీసులోనూ ఆడమనిషి పోయే చోటు ఉండేది కాదు. మగవాళ్ళు గోడవారకు పోయేవాళ్ళు. నాకు రెండుసార్లు కిడ్నీలో రాళ్ళు పడ్డాయి. డాక్టరు నీళ్ళు తాగవా అని కోప్పడితే, ఎండలో తిరుగుడు ఎక్కువ అని చెప్పాను. ఆఫీసులో కూడా అదే చెప్పాను. రెవెన్యూలో పనిచేసే ఒక పెద్దావిడ నాకు మొదట్లోనే ఒక బుద్ధి చెప్పింది. "ఏదీ అడగబాక. ఒగసారి అడిగితే, నువ్వు ఆడదానివని పదిసార్లు గుర్తు చేస్తారు." ఆ మాటను నేను ముప్పై ఏళ్ళు పట్టుకుని నడిచాను. దానివల్ల పైకి వచ్చానని కూడా నమ్మాను.

అందుకే సభల్లో నాకు ఒక వాక్యం ఉండేది. "కరెంటుకు ఆడా మగా తెలీదు. తాకితే ఎవరికైనా ఒకే దెబ్బ. నా ఉద్యోగంలో నేనెప్పుడూ ఆ తేడా చూడలేదు." చప్పట్లు బాగా పడేవి.

రిటైర్మెంటుకు ఇంకా అయిదారేళ్ళు ఉందనగా తిరుపతిలో ఒక మీటింగు జరిగింది. సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటర్లుగా, పగటి డ్యూటీలకు, ఆడపిల్లలను తీసుకోవచ్చా లేదా అన్నది విషయం. ఆపరేటరంటే కంట్రోల్ రూములో ఒంటరిగా కూర్చుని మీటర్లు చూస్తూ, గంట గంటకూ రీడింగులు రాసుకుంటూ, ఏదైనా లైను ఆపమని ఫోను వస్తే ఆపే మనిషి. ఆ టేబులు చుట్టూ పదిమందిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఒకాయన అన్నాడు, వాళ్ళకు బాత్రూములు కట్టాల, ప్రహరీలు కట్టాల, తోడుగా ఒకరిని పెట్టాల, ఇదంతా అయ్యేది కాదు అని. మిగతావాళ్ళు తలలూపారు. మా పెద్ద సారు నా వైపు తిరిగాడు.

"మేడం, మీరు చెప్పండి. వాళ్ళను వేస్తే ఏమేం గావాల?"

ఆ క్షణంలో నాకు తోచిన లెక్క ఇది. కావాలంటే పోస్టులు రావు. అక్కర్లేదంటే వస్తాయి. "ఏమీ అక్కర్లేదు సార్. నాకు ఎవరు ఏం కట్టిచ్చినారు?" అన్నాను. అందరూ నవ్వారు. ఆపరేటరు పోస్టులకు ఆడపిల్లలు అర్హులేనని ఆరోజే తేలిపోయింది. మీటింగు కాగితాల్లో ఒక వాక్యం ఎక్కింది: "మహిళా ఆపరేటర్లకు అదనపు వసతులేవీ అక్కర్లేదని ఎస్.ఈ. గారు అభిప్రాయపడ్డారు." నేను గెలిచానని అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఒక రకంగా గెలిచిన మాట నిజమే.

అట్లా వచ్చిన వాళ్ళలో ఒక అమ్మాయి, నగరిలో పవర్‌లూము మగ్గాల ఇంటి పిల్ల. డిప్లొమా చదివింది. వడమాలపేట దాటినాక రోడ్డు దిగి లోపలికి పోతే, మామిడి తోటల నడుమ ఉండే ఒక సబ్‌స్టేషన్లో వేశారు. చేరిన రెండో నెలలోనే ట్రాన్స్‌ఫార్మరు శబ్దంలో తేడా ఉందని ఫోను చేసింది. మా వాళ్ళు నవ్వారు గానీ, తెరిచి చూస్తే నిజంగానే లోపల ఒక చోట బిగింపు వదులైంది. ఎట్లా తెలిసిందమ్మా అని అడిగితే, మగ్గాల చప్పుడులో పుట్టిన దాన్ని మేడం, మిషను ఏడిస్తే తెలుస్తాది అని చెప్పింది. నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆ పిల్ల పేరు నా మనసులో రాసుకున్నాను.

ఒక ఏడాది తర్వాత ఆ అమ్మాయి చిత్తూరులో నా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఒక అర్జీ. ఆ సబ్‌స్టేషన్లో మరుగుదొడ్డి అని పేరుకు ఒక గది ఉంది గానీ తలుపు లేదు, లోపల ఖాళీ ఆయిల్ డ్రమ్ములు పేర్చారు. ఒక గది బాగు చేయించమని రాసింది. నేను చదివి, కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాను. నేను పడిన పాట్లు కూడా చెప్పలేదు. పెద్దదాన్నయి ఉండి అవి చెప్పుకోవడం చిన్నతనం అనుకున్నాను. "చూడమ్మా, ఇట్లాంటివి కాగితం మింద పెట్టొద్దు. పెడితే రేపు మీ పోస్టులే తీసేస్తారు. కొంచెం ఓర్చుకో" అన్నాను. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. సరే మేడం అని వెళ్ళిపోయింది. మంచి సలహా ఇచ్చానని నేను తృప్తిగా మధ్యాహ్నం భోజనం చేశాను. ఆ రోజు గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ భోజనమే ముందు గుర్తుకొస్తుంది.

ఇంకో ఆరు నెలలకు, మామిడికాయలు కోతకు వచ్చిన రోజుల్లో, ఒక పగలు గాలి లేచింది. వాన ఇంకా పడలేదు, ఉత్త గాలి. సబ్‌స్టేషనుకు కూతవేటు దూరంలో ఒక రైతు ఇల్లు ఉంది. కొమ్మ విరిగి లైను మీద పడి, తీగ తెగి, ఆ ఇంటి పశువుల కొట్టం రేకుల మీద పడింది. నేల ఎండిపోయి ఉంటే తెగిన తీగలో కరెంటు ఒక్కోసారి దానంతట అది ఆగదు, మనిషి ఆపాల్సిందే. ఊళ్ళోవాళ్ళు సబ్‌స్టేషనుకు ఫోను చేశారు. ఎవరూ తీయలేదు. లైను ఆగేసరికి కొట్టంలో ఉన్న రెండు పాడి ఆవులూ చచ్చిపోయాయి. సాయంత్రానికి జనం గేటు ముందు కూర్చున్నారు. డ్యూటీలో ఉండాల్సిన మనిషి డ్యూటీలో లేదన్న మాట తిరుపతి దాకా పోయింది. అమ్మాయిని సస్పెండ్ చేశారు. విచారణ నాకు అప్పగించారు. ఆడమనిషి కేసు కాబట్టి ఆడ ఆఫీసరు ఉంటే బాగుంటుందన్నారు.

విచారణ ఆ కంట్రోల్ రూములోనే జరిగింది. నేను, నాతో చాలా ఏళ్ళు పనిచేసిన డివిజనల్ ఇంజనీరు ఒకాయన, వాంగ్మూలాలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఉద్యోగి. అమ్మాయి యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చింది. ఆ సమయంలో కుర్చీలో ఎందుకు లేవు అని డివిజనల్ ఇంజనీరు అడిగాడు.

"నీళ్ళు తాగను పోయినాను సార్."

గదిలో మూల నిండు క్యాన్ ఒకటి ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అమ్మాయి కూడా ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. తాను అర్జీ తెచ్చిందనీ, నేను తిప్పి పంపాననీ ఆ పిల్ల చెప్పొచ్చు. చెప్పలేదు. నన్ను కాపాడుతోందని నాకు అర్థమైంది. అర్థమై కూడా నేను పెన్ను మూత తీసి, నీళ్ళు తాగడానికి అని రాసుకున్నాను.

ఆ తర్వాత ఆవులు పోగొట్టుకున్న ఇంటి ఇల్లాలిని పిలిచాం. యాభై ఏళ్ళుంటాయి. ఆమె వచ్చి కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"నీళ్ళకు కాదు సామీ. ఈడ కక్కసు లేదు. దినామూ ఒగసారి ఈ పాప మా ఇంటికి వస్తా ఉండె. నేనే రమ్మన్నాను. ఆ పొద్దు కూడా మా ఇంట్లోనే ఉండాది."

అమ్మాయి గోడ వైపు తిరిగింది. ఆమె ఆగలేదు.

"నా ఆవులు పోయినాయి, నిజమే. ఇద్దరు బిడ్డల మాదిరి సాక్కున్నాను. రేకుల మింద తీగ పడంగానే వాటికాడికి పరిగెత్తినాను. ఈ పాప నా కొంగు బట్టి యెనక్కి లాగింది. పోవద్దత్తా, కరెంటుండాది అని నన్ను ఆడ కూలేసి, ఆపను ఉరికింది. లేకుంటే ఆవులతోబాటు నన్నూ పూడ్సుందురు. అది గూడా రాసుకోండి."

రాసుకోవాల్సిన ఉద్యోగి నా మొహం చూశాడు. కాసేపు విరామం ఇద్దామని డివిజనల్ ఇంజనీరు నన్ను బయట షెడ్డు నీడకు తీసుకొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నామీద గౌరవం ఉన్నవాడే. ఫైలు తెరిచి ఒక కాగితం చూపించాడు. అది ఆ పాత మీటింగు కాగితం. "ఇదంతా రాస్తే కక్కసు కాడికి పోతాది మేడం. కక్కసు కాడికి పోతే ఈ కాగితం కాడికి వస్తాది. మీరు బాగా ఆలోచించండి" అన్నాడు.

నేను ఆలోచించాను. ఇది పైకి పోతే, చూశారా ఆడవాళ్ళను వేయొద్దని మేము చెప్పలేదా అంటారు, పోస్టులు పోతాయి, ఇంకా నలభై ఇళ్ళలో ఆడపిల్లల జీతాలు ఆగిపోతాయి అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం ఉత్తది కాదు. కానీ దాని కింద ఇంకో భయం ఉంది, అది నా పేరు గురించి. ఆ రోజు ఈ రెంటినీ విడదీసి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

రిపోర్టు నేనే రాశాను. వ్యక్తిగత అవసరం నిమిత్తం ఉద్యోగిని కొద్దిసేపు విధుల నుంచి వెళ్ళినట్టు తేలింది, ఇది మొదటి తప్పు కాబట్టి కనికరంతో చూడవచ్చు అని. కొంగు పట్టి లాగిన సంగతి రాయలేదు. అది రాస్తే, ఆ పిల్ల ఆ ఇంట్లో ఎందుకుందో రాయాలి. ఒక మనిషి ప్రాణం నిలబడిన మాటను నా రిపోర్టు మింగేసింది. అమ్మాయి తన వాంగ్మూలం చదువుకుని సంతకం పెట్టింది. సస్పెన్షన్ ఎత్తేసి, ఒక ఇంక్రిమెంటు ఆపి, వేరే చోటికి మార్చారు. కనికరం చూపినందుకు కొందరు నన్ను మెచ్చుకున్నారు. నాలుగు నెలల తర్వాత టపాలో ఆమె రాజీనామా నకలు నా బల్ల మీదికి వచ్చింది. సొంత కారణాలు అని ఉంది. మేము నేర్పిన భాషే అది.

ఆ తర్వాత వచ్చిన మార్చిలో తిరుపతిలో ఒక పెద్ద హాల్లో సభ. వేదిక మీద ముగ్గురం. ఒక డాక్టరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు, నేను. ముగ్గురమూ ఒకే మాట మూడు రకాలుగా చెప్పాం. కష్టపడితే ఎవరూ ఆపలేరు, మాకు ఏ తేడా కనిపించలేదు అని. నా వాక్యం నేను చెప్పాను. చప్పట్లు పడ్డాయి. సభ అయ్యాక కాఫీ తాగమని లోపలి గదిలో కూర్చోబెట్టారు.

అక్కడ మేము ముగ్గురమే. ఎట్లా మొదలైందో గుర్తులేదు. నెలలో ఆ నాలుగు రోజుల్లో గంటల తరబడి ఆపరేషన్లు చేస్తూ నిలబడాల్సి వస్తుందని ఏళ్ళపాటు ముదురు రంగు చీరలే కట్టానని డాక్టరమ్మ చెప్పింది. ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఐదో నెల కడుపును పైట కింద దాచుకున్నానని ప్రిన్సిపాలు చెప్పింది. నేను నీళ్ళ సంగతి చెప్పాను. ముగ్గురమూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగినాక డాక్టరమ్మ, ఇవి బయట చెప్తే మనల్ని తక్కువగా చూస్తారు అంది. ప్రిన్సిపాలు అవునంది. తలుపు అవతల హాలు ఖాళీ అవుతున్న చప్పుడు వినబడుతోంది. వందల మంది ఆడపిల్లలు, మేము వేదిక మీద చెప్పింది మాత్రమే విని ఇళ్ళకు పోతున్నారు. నా కాఫీ చల్లారిపోయింది.

ఆ ఆదివారం నేను బస్సెక్కి నగరి పోయాను. వాళ్ళ ఇంట్లో కింద మగ్గాలు ఆడుతున్నాయి, మాట వినబడదు. అమ్మాయి నన్ను మిద్దె మీదికి తీసుకుపోయింది. తమిళనాడు వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యానెల్ చూసే పని దొరికిందని చెప్పింది. "ఆడ ఆడోళ్ళకు వేరేగా ఉండాది మేడం" అంది. ఏది ఉందో చెప్పలేదు, నేను అడగలేదు. క్షమించమని అడిగాను. ఆ మాట నా నోట రావడం ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ పిల్ల పిట్టగోడ పట్టుకుని నా వైపు తిరిగింది.

"మీరు మంచికే చెప్పినారని నాకు తెలుసు మేడం. కానీ మా కాలేజీకి వచ్చినప్పుడు మీరు ఏమీ లేదంటిరి. ఏ తేడా చూడలేదంటిరి. అది నమ్మే ఈ పనికొచ్చినాను. వచ్చినాక నాకు కష్టమయింది. మేడమ్‌కు కాని కష్టం నాకెందుకైతాది, తప్పు నాలోనే ఉందేమో అనుకున్నాను. మీరు గూడా నీళ్ళు తాగకుండా ఉన్నారని ఎవురన్నా చెప్పుంటే, నేను ఆ కాగితం మడిచి పెట్టుకోని పోయేదాన్ని కాదు."

నీళ్ళ సంగతి ఆమెకు నేనే, ఆ మిద్దె మీద, అంతకు అయిదు నిమిషాల ముందు చెప్పాను.

చిత్తూరుకు తిరిగి వచ్చిన మర్నాడు పైకి ఒక ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి అర్జీ తెచ్చిందనీ, తీసుకోకుండా తిప్పి పంపింది నేనేననీ, మీటింగులో నేను చెప్పిన మాట తప్పనీ, రైతు ఇల్లాలు చెప్పిన సాక్ష్యం నేను వదిలేశాననీ, శిక్ష రద్దు చేయాలనీ. సర్వీసు ఇంకా పదకొండు నెలలుంది. పెద్ద సారు ఫోను చేసి, పోయేముందు ఇదంతా ఎందుకు మేడం అన్నాడు. పోయేముందే గదా సార్ అన్నాను. సంజాయిషీ అడుగుతూ నాకు ఒక మెమో వచ్చింది. రావాల్సిన ప్రమోషను రాలేదు. డివిజనల్ ఇంజనీరు కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు, ఆయన సంతకం కూడా ఆ రిపోర్టు మీద ఉంది మరి. ఆయన కోపం న్యాయమే.

ఒక్క సంగతి మాత్రం మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్లల పోస్టులు ఎవరూ తీసేయలేదు. ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. కొన్ని సబ్‌స్టేషన్లకు మరుగుదొడ్లు మంజూరు చేస్తూ మామూలు కాగితం ఒకటి వచ్చింది, అంతే. అడిగితే అంతా కూలిపోతుందని నేను భయపడిన ముప్పై ఏళ్ళలో, నేను ఒక్కసారి కూడా అడిగి చూడలేదు. అడిగిన ప్రతిచోటా ఇస్తారని నేను చెప్పడం లేదు. ఇవ్వని చోట్లు నాకు తెలుసు. కానీ పడిన కష్టాన్ని లేదని చెప్పడం ధైర్యం అని మాత్రం ఇక అనలేను.

శిక్ష రద్దు చేసిన ఉత్తర్వు నేను రిటైరైన ఆరు నెలలకు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను చేసింది. రిజిస్టరు పోస్టులో అందింది, నాయనకు చదివి వినిపించినాను మేడం అంది. ఆ రైతు ఇల్లాలి దగ్గరికి కూడా పోయి చూపించిందట. ఆమె మళ్ళీ ఒక ఆవును తెచ్చుకుందట. తర్వాత ఆ పిల్లే అడిగింది.

"ఇప్పుడు ఆడ డ్యూటీలో ఎవురుండారు మేడం?"

ఇంకొక అమ్మాయిని వేశారనీ, కొత్తగా చేరిందనీ, మరుగుదొడ్డి గది ఇంకా గోడల దాకానే లేచిందనీ చెప్పాను.

"ఆ పిల్లకు నా ఫోను నంబరు ఇయ్యండి. ఆడ ఎట్లుంటాదో నేను చెప్తాను."

ఇచ్చాను.